డెన్ మార్కు రాకెట్టు

మా మేనత్త పోయింది. గురువారం పొద్దున అత్త ఉండే బాగ్‌బేరా నుంచి ఫోను వచ్చినప్పటి నుంచి నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. ఆదివారం దాకా ఆగి ఉంటే ఏం పోయేది! ఆవిడ పడుచుతనంలో ఆగిపోయిన టెన్నిస్ ఆట ఒకటి ఆ రోజు తేలాల్సి ఉంది.

అత్త కాలు ఒకచోట నిలిచేది కాదు. కుక్కరు కూత వేసేలోగా వీధి చివరిదాకా వెళ్ళొచ్చేది. చేతిలో గరిటె ఉంటే గరిటెతోనే గాలిలో షాట్లు కొట్టేది. అన్నం మాడినా, రైలు తప్పినా ఒకటే మాట: "పోతే పోనీరా, రెండో బంతుందిగా."

అత్త టెన్నిస్ ఆడతానంటే, రైల్వే గార్డుగా పనిచేసిన మా తాత మొదట ఒప్పుకోలేదు. "ఆడపిల్లకి పరుగులేటి?" అన్నాడు. అత్త రైల్వే క్లబ్బు లైబ్రరీలోంచి ఓ పాత పుస్తకం తెచ్చి బొమ్మ చూపించింది. వందేళ్ళనాటి ఆటగత్తె, పాదాల దాకా గౌను, నెత్తిన టోపీ.

"అయ్యా, ఈవిడది డెన్మార్కు. గౌను నేల మీద జీరాడతన్నా కప్పులు గెల్సినాది. నాను చీరలో ఆడితే తప్పేటి?"

తాత మెత్తబడ్డాడు. కానీ ఆయనకి అర్థమైంది వేరు. సబ్బులకీ సైకిళ్ళకీ ఉన్నట్టే అదీ ఓ మార్కు అనుకున్నాడు. మా ఊరి సాక్చీ బజారుకెళ్ళి, వచ్చీరాని హిందీలో "డెన్ మార్కా రాకెట్ దేనా" అని అడిగాడట. "యహీ హై, చాచా", అదే ఇది అంటూ దుకాణదారు చేతికందినది అంటగట్టాడు.

"మంచి మార్కేనేటే?" అన్నాడు తాత ఇంటికొచ్చి.

"మా గొప్ప మార్కయ్యా!" అంది అత్త, నవ్వు ఆపుకుని. తాత బతికున్నన్నాళ్ళూ ఆ మాట దిద్దలేదు.

డెన్మార్కు ఆవిడ గురించి పుస్తకంలో ఉన్నది రెండు ముక్కలే. మిగతాదంతా అత్త కల్పన. ఆవిడ ఓడెక్కి ఊరూరా ఆడిందట, ఓడిపోయిన మర్నాడే మరో ఊరికి బయల్దేరేదట. "ఆగితే తుప్పట్టిపోతార్రా" అనేది అత్త. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

రైల్వే కాలనీ టెన్నిస్ ఫైనల్లో అత్తా, ఆవిడ స్నేహితురాలూ చెరో సెట్టు గెలిచారు. మూడో సెట్టులో అత్త మొదటి సర్వీసు నెట్టులో పడింది; అలా తప్పితే రెండో బంతి కొట్టే వీలుంటుంది. అంతలో గాలివాన వచ్చి నెట్టునే ఎగరేసుకుపోయింది. ఆ వారమే స్నేహితురాలికి పెళ్ళయి వెళ్ళిపోయింది. ముసలితనంలో మా ఊళ్ళోని సిద్ధగోరాకి తిరిగొచ్చింది.

"మిగిల్న సెట్టు ఆడీసుకుందామే" అని అత్త వెంటపడేది.

"మోకాళ్ళు ఒప్పుకోవే" అని ఆవిడ తప్పించుకునేది. పోయిన వారమే చివరికి సరేనంది.

అత్త పోయినా, ఆదివారం కోర్టుకి వస్తానని ఆ స్నేహితురాలు కబురు పెట్టింది. "మైలలో ఆటలేట్రా!" అని అమ్మ గొణుగుతున్నా, డెన్ మార్కు పట్టుకుని నేనూ వెళ్ళాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని అవతలి కొసకి నడిచింది.

"మీ అత్తది ఒక్క బంతే పోనాది. రెండోది ఉండిపోనాది. కొట్టు బాబూ."

నేను గీత దగ్గరికి వెళ్ళి బంతి చేతిలోకి తీసుకున్నాను. రైల్వే యార్డులో ఇంజను కూతేసింది. ఒక చెయ్యి మోకాలికి ఆనించి, బంతి కోసం ఆవిడ వంగి నిలబడింది.