అస్లాగ్ వదిలేసిన పోతు

హాల్వర్ చనిపోయిన ఏడాదే అతని భార్య అస్లాగ్ మా వేట జట్టులోకి వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఏటి పక్క అడవి, దాని కింది ఊబినేల ఆమె పేరు మీదికి వచ్చాయి. నార్వే తూర్పు కొసన ఉన్న మా లోయలో నేల ఎవరిదైతే జట్టులో చోటు వాళ్లదే. జట్టు పెద్ద ఎయిలెర్ట్‌కు అది మింగుడు పడలేదు. అతను హాల్వర్ తమ్ముడు. అన్న బతికుండగానే ఆ వదినామరుదులకు పడేది కాదు. ఎందుకో కచ్చితంగా నేనూ చెప్పలేను. అస్లాగ్ బడి బస్సు నడిపేది. పిల్లలు కాక ఇంకెవరు పలకరించినా ముళ్లకంపే. ఎయిలెర్ట్ తీరు వేరు, నవ్వుతూనే గిల్లుతాడు.

దుప్పుల కోసం కాపు కాసే చోట్లు పంచేటప్పుడు ఊబి అంచు ఆమెకిచ్చాడు. అక్కడ పడుకుని కాల్చాలంటే గడ్డి అడ్డం. నిలబడి కాల్చాలంటే ఆనుకోడానికి చెట్టుండదు.

"నీ నేలే కదా వదినా, నువ్వే కాపలా కాసుకో," అన్నాడు.

"నీ నోటికి కాపలా ఎవరు కాస్తారు మరిదీ?" అందామె.

ఆ వేసవంతా ఆమె కొట్టం వెనక వాలులో సాధన చేసింది. వేటకు ముందు ఏటా అందరం పరీక్షకు వెళతాం. చాప మీద బోర్లా పడుకుని అట్ట దుప్పిని కొడితే సరి, మళ్లీ ఏడాది దాకా అడిగేవాళ్లుండరు. అస్లాగ్‌కు అది చాలలేదు. ఖాళీ తుపాకితో వాలెక్కి, ఆయాసం తగ్గకముందే మోకాలి మీదికి దిగేది. తరవాత చతికిలబడి, మోచేతులు మోకాళ్ల లోపలి వైపు ఆనించేది. రెండు కర్రలు పైన తోలువారుతో కట్టి, ఆ పంగలో తుపాకి నిలిపేది. గురి వణికితే దించేసి మళ్లీ మొదటికి వచ్చేది. శనివారాలు కాల్పుల మైదానానికి పోయి అవన్నీ తూటాలతో చేసేది.

ఒకసారి కంచె ఇవతల నుంచి, "ఇంత అవసరమా?" అన్నాను.

"గుండె, ఊపిరితిత్తులు కలిపి పెద్ద పళ్లెమంత చోటు. ఎలా కూర్చుంటే ఎంత దూరం నుంచి దాన్ని తప్పకుండా కొట్టగలనో నాకు తెలియొద్దూ? ఊరికే పేల్చేసి, అది కడుపులో గుండుతో ఎక్కడో కుళ్లుతుంటే నేనింట్లో కాఫీ తాగాలా?" అని కసిరింది. మళ్లీ అడగలేదు.

"మా వదిన కప్పగంతులు నేర్చుకుంటోంది," అని ఎయిలెర్ట్ కొట్టు దగ్గర అందరికీ చెప్పి నవ్వించాడు.

వేట మొదటిరోజు కుక్క ఒక పోతును లేపింది. గుర్రం కంటే ఎత్తుండే మా అడవి దుప్పి, కొమ్ములు పారల్లా విచ్చుకున్నాయి. అది ఊబిలోకి దిగింది. పై కాపులో ఉన్న నాకు అదీ, అస్లాగూ ఇద్దరూ కనిపిస్తున్నారు. ఆమె మోకాలి మీద కూర్చుంది. కుదరలేదు. చతికిలబడింది. గడ్డి అడ్డమొచ్చింది. లేచి కర్రలు నిలిపింది. పోతు ఆమెకు సరిగ్గా ఎదురుగా తిరిగి నిలబడింది. పక్కకు తిరిగితే తప్ప ఆ పళ్లెమంత చోటు దొరకదు.

"కొట్టు! ఏం చూస్తున్నావే, కొట్టు!" అని వాకీటాకీలో ఎయిలెర్ట్ అరిచాడు. వదిన అన్న మాటే మరిచాడు.

ఆమె కొట్టలేదు. పోతు ఒక్కసారిగా మళ్లి, పొదల చాటునుంచి ఏరు దాటింది. కాసేపటికి అవతలి ఒడ్డున తుపాకి పేలింది. ఆ ఒడ్డు జట్టు వాళ్ల కేకలు మాకు వినిపించాయి.

తరవాత అందరం చేరిన మంట దగ్గర సాసేజులు కాలుతున్నాయి కానీ ఎవరికీ తినబుద్ధి కాలేదు.

"వేసవంతా గెంతావు కదా, దేనికి?" అన్నాడు ఎయిలెర్ట్.

"ఎప్పుడు కొట్టకూడదో తెలియడానికి."

"మాంసం కావాలంటే ఏరు దాటి అడుక్కో."

మర్నాడు ఎయిలెర్ట్ పరుగెత్తే ఆడదుప్పిని నిలబడే కాల్చాడు. వెనక కాలు విరిగింది, దుప్పి అడవిలోకి పోయింది. నెత్తురు జాడ పట్టే కుక్కతో యోస్టైన్ వచ్చాడు. తనకు మోకాలు నొప్పిగా ఉందంటూ ఎయిలెర్ట్ మంట దగ్గరే ఉండిపోయాడు. అస్లాగ్, నేను యోస్టైన్ వెంట వెళ్లాం. మధ్యాహ్నం దాటాక, కూలిన చెట్ల మధ్య ఆ దుప్పి కనిపించింది. కాలు వేలాడుతోంది. అస్లాగ్ ఉన్నచోటే కూలబడి, మోచేతులు ఆనించి, అది పక్కకు తిరిగేదాకా ఆగింది. ఒక్కటే దెబ్బ. దుప్పి నాలుగడుగులు వేసి పడిపోయింది. అది కదలడం ఆగేదాకా ఆమె గురి దించలేదు.

తిరిగొచ్చాక ఎయిలెర్ట్, "నా దుప్పిని పడగొట్టి గొప్పలు పోకు," అన్నాడు.

"నీదైతే నువ్వెందుకు వెతకలేదు? మోకాలు నొప్పా? దాని మీద కూర్చుని కాల్చడం నేర్చుకో, నొప్పీ పోతుంది, పొగరూ పోతుంది."

అతను చేతిలో కాఫీ మంటలో కుమ్మరించాడు. "నా జట్టులో నీకు చోటు లేదు."

"సరే. నా నేల మీంచి నీ జట్టును తీసుకుపో."

అన్నంత పనీ చేసింది. ఆ చలికాలం తన అడవిని, ఊబిని మా నుంచి విడదీసి అవతలి ఒడ్డు జట్టులో కలిపింది. నేల తగ్గేసరికి వేటకు సర్కారు మాకు అనుమతించే దుప్పులూ తగ్గాయి. నిజం చెప్పొద్దూ, నాకూ ఆమె మీద మండింది. అవతలివాళ్లూ ఆమెను నెత్తిన పెట్టుకోలేదు. "చేతికందిన దుప్పుల్ని వదిలేస్తుంది, ఏం మనిషి!" అని వాళ్ల సణుగుడు. ఆమె మాత్రం అక్కడా వదిలేయవలసినవి వదిలేస్తూనే ఉంది.

ఈ వసంతంలో మంచు కరగగానే మళ్లీ వాలులో కనిపించింది. ఆమె మోకాలి మీదికి దిగిందో లేదో, పక్క పొలంలోకి ఎయిలెర్ట్ ఎరువుకు పేడనీళ్లు చిమ్మే ట్యాంకరు తోలుకొచ్చాడు. గాలి ఆమె వైపే వీస్తోంది. తుంపరలు జుట్టు మీద, తుపాకి మీద పడ్డాయి. ఆమె లేవలేదు. మోకాలి మీద చేయాల్సింది చేసి, చతికిలబడి చేయాల్సింది చేసి, కర్రలు సర్దుకుని ఇంట్లోకి పోయింది.

మర్నాడు గాలి ఎయిలెర్ట్ ఇంటి వైపు తిరిగింది. అస్లాగ్‌కు ఆవుల్లేవు. ఏరు దాటి వెళ్లి అడిగి, ట్యాంకరు నిండా పేడనీళ్లు తెచ్చుకుంది.