సారె బీరువా అద్దం

2002 వేసవి. నర్సీపట్నం బస్టాండుకు ఎదురుగా ఒక మేడమీద గదిలో నా మిక్సింగ్ షాపు ఉండేది. మిక్సింగ్ అంటే పెళ్ళి వీడియో ఎడిటింగే. ఎడిటింగ్ అంటే ఊళ్ళో ఎవరికీ తెలిసేది కాదు, మిక్సింగ్ అంటే చంటిపిల్లాడికి కూడా తెలుసు. కెమెరామన్లు తీసిన క్యాసెట్లు తెచ్చి ఇచ్చేవారు. నేను వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, పనికిరానివి కోసేసి, పాటలు కలిపి, తెర మీద గులాబీలు రాల్చి సీడీలు చేసేవాణ్ణి. గులాబీలంటే నాకు ఒళ్ళుమంట. కానీ అవి రాలకపోతే పెళ్ళివారు ఊరుకునేవారు కాదు.

ఆ వైశాఖంలో సత్తిబాబు అనే కెమెరామన్ రోలుగుంట దగ్గర పల్లెలో తీసిన పెళ్ళి తెచ్చాడు. పెళ్ళికూతురి పేరు నూకరత్నం. ఇంటిముందే తాటాకు పందిరి. పగటి ముహూర్తమైనా పందిట్లో వెలుతురు చాలక లైటు వేశాడు. మా వైపు పెళ్ళికూతురి సారె సామాను పదిమందీ చూసేలా పెడతారు. మంచం, బిందెలు సరే, అన్నిటికన్నా ముఖ్యం బీరువా. దాన్ని తెచ్చి సరిగ్గా పీటల వెనక నిలబెట్టారు. ఒక తలుపు వట్టి రేకు, రెండో తలుపుకు నిలువుటద్దం. లైటు పోయి పోయి ఆ అద్దం మీద పడింది.

ఇలా వెలుగు తిరిగి కెమెరా మీదికి కొట్టడాన్ని మేం గ్లేర్ అంటాం. తాళి కట్టే నాలుగు నిమిషాలూ పెళ్ళికూతురి తల పక్కన తెల్లగా భగ్గుమంటూ ఉంది. సీడీ చేసేముందు చూసుకోవడానికి పెళ్ళికొడుకు బావగారు వచ్చారు. చూస్తూనే మొహం చిట్లించారు.

"ఏటండీ ఆ మెరుపు? పెళ్ళికూతురు కంటే బీరువాయే బాగా అవుపడతంది. పెళ్ళి దానికా, దీనికా?"

"అద్దం మీద లైటు పడిందండీ."

"పడితే తీసీండి. మీరు మిక్సింగులో ఏదైనా సేసెస్తారని సత్తిబాబు సెప్పేడు."

అంతమాట అన్నాక నేను ఆగుతానా! ముందు వెలుగు తగ్గించి చూశాను. పెళ్ళికూతురు నల్లబడింది గాని అద్దం అలాగే ఉంది. అంత తెల్లగా కొట్టేసిన చోట అసలు బొమ్మే ఉండదు, ఎంత తగ్గించినా బూడిదరంగు మచ్చ మిగులుతుంది. ఇక దారి ఒక్కటే. పక్కనున్న రేకు తలుపు బొమ్మను కత్తిరించి, తిరగేసి, అద్దం మీద అతికించడం. దీన్ని మాస్క్ అంటాం. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంది కాబట్టి అది కుదురుతుంది. పంతులుగారి చెయ్యి అడ్డం వచ్చినప్పుడల్లా మాత్రం ఒక్కొక్క ఫ్రేమూ చేత్తో సరిచెయ్యాలి. సెకనుకు పాతిక ఫ్రేములు.

నిజం చెప్పాలంటే గ్లేర్ అద్దం పైసగంలోనే ఉంది. కిందిసగం శుభ్రంగా ఉంది. అందులో పందిరికి ఎదురుగా ఉన్న పెళ్ళికూతురి ఇంటి గుమ్మం, గుమ్మంలో తలుపును పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ కనిపిస్తున్నారు. గచ్చకాయ రంగు చీర. పైసగమే కప్పితే అతుకు తెలిసిపోతోంది. మొత్తం కప్పేస్తే ఏ గొడవా లేదు. ఎవరో చుట్టాలావిడ, ఉంటే ఎంత, లేకపోతే ఎంత అనుకున్నాను. మొత్తం కప్పేశాను.

రెండురోజులు పట్టింది. అయ్యాక చూస్తే ఆ బీరువాకు అద్దమే లేనట్టుంది. బావగారు మెచ్చుకున్నారు. సత్తిబాబు "గురువుగారూ" అనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత షాపుకు వచ్చిన ప్రతివాడికీ ఆ ముక్క వేసి చూపించి సొంత డబ్బా కొట్టుకున్నాను.

మూడేళ్ళ తర్వాత నూకరత్నం వచ్చింది. నేను గుర్తుపట్టాను. రెండురోజులు తెర మీద చూసిన మొహం కదా. చేతిలో ఆ సీడీయే ఉంది.

"మాయమ్మ నెల్రోజుల కిందట పోయిందండీ. పెళ్ళి సీడీలో ఎక్కడైనా ఉంటదేమోనని మొత్తమంతా సూసేను. ఒక్కకాడా నేదు. మీరు కోసీసిన ముక్కల్లో ఏటైనా ఉందేమో సూస్తారా?"

తండ్రి ముందే పోయాడట. కన్యాదానం మేనమామ దంపతులు చేశారు. "ముహూర్తానికి అమ్మ ఎదురు రాకూడదని మా పెద్దోళ్ళు గదిలో కూకోబెట్టీసేరండీ. కెమెరా ఆయనకి కూడా ఆవిడ్ని తియ్యొద్దని సెప్పేరంట. నన్ను పెంచి పెద్దదాన్ని సేసి, నా తాళి మాత్రం సూడనేదు. అదే నాకు బాధ. పొద్దున్న గచ్చకాయ రంగు సీర నేనే కట్టించేను. అదైనా ఒకపాలి సూసుకుందామని."

అద్దంలోని ఆవిడ గుర్తొచ్చారు. నాకు మొహాలకన్నా రంగులే బాగా గుర్తుంటాయి. అది నా వృత్తి.

వెంటనే సత్తిబాబుకు ఫోన్ చేసి అసలు క్యాసెట్ గురించి అడిగాను. సీడీ ఇచ్చేశాక అదే క్యాసెట్ మీద ఇంకో పెళ్ళి తీసెయ్యడం అప్పట్లో మా అందరి అలవాటు.

"అదింకెక్కడుందండీ! దానిమీద యలమంచిలి పెళ్ళి, ఆ తర్వాత ఇంకోటి తీసీసేం," అన్నాడు. నా కంప్యూటర్లో మాత్రం ఎందుకుంటుంది? చోటు చాలక సీడీ ఇచ్చిన వారానికే చెరిపేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

లేదమ్మా అని పంపేయొచ్చు. ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ ఆ అమ్మాయి తల్లి తన పెళ్ళి చూడలేదనే అనుకుంటూ బతుకుతోంది. చూసిందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

సీడీ వేసి తాళి దగ్గర ఆపాను. "మీ అమ్మగారు చూశారమ్మా. ఇక్కడ అద్దం ఉండేది. గుమ్మంలో నిలబడి చూస్తున్నది అందులో కనబడింది. వెలుగు కొడుతోందని అంతా నేనే కప్పేశాను. తప్పు నాదే."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తెర దగ్గరికి వచ్చి బీరువా తలుపు మీద వేలు పెట్టింది.

"ఇక్కడేనా?"

"ఇంకొంచెం కిందికి."

వేలు కిందికి జరిపింది. "మరైతే ముహూర్తానికి గదిలోంచి వొచ్చీసిందన్నమాట," అని తనలో తనే నవ్వుకుంది. కళ్ళనిండా నీళ్ళు. నా వైపు తిరిగి అడిగింది.

"మీరు సూసేరు గదండీ. అప్పుడు మాయమ్మ ఏడుస్తందా, నవ్వుతందా?"

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చీర రంగు చెప్పగలిగాను, తలుపును పట్టుకున్న చెయ్యి చెప్పగలిగాను. రెండురోజులపాటు ఆ మూలను ఫ్రేము ఫ్రేముగా చూసినవాణ్ణి, ఒక్క ఫ్రేములోనైనా ఆవిడ మొహం చూడలేదు. తెలీదమ్మా అన్నాను.

"పోన్లెండి, సూసింది కదా," అని సీడీ తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను ఏది తుడవాలన్నా ముందు ఇంటివాళ్ళను కూర్చోబెట్టి, ఇక్కడున్నది ఎవరని అడుగుతాను. అసలు క్యాసెట్ ఏడాదైనా దాచమని కెమెరామన్లతో పోట్లాడతాను. వాళ్ళు నాకు చాదస్తం అంటారు. అననీ. నవ్వుతోందమ్మా అని ఆ రోజు ఒక్క అబద్ధమాడినా బాగుండేదేమోనని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. కానీ ఆ మొహాన్ని ఒకసారి రేకుతో కప్పినవాణ్ణి, మళ్ళీ అబద్ధంతో కప్పడానికి నోరు రాలేదు.