మొగిలి పేరు మీద లైన్ క్లియర్

1979 జూన్ మొదట్లో నన్ను లైన్ ఇన్‌స్పెక్టర్‌గా వర్ధన్నపేట సెక్షన్‌కు వేశారు. స్తంభాలెక్కే లైన్‌మన్లకూ, ఆఫీసులో కూర్చునే ఇంజనీరుకూ నడుమ ఉండే హోదా అది. నేను చదివింది పదో తరగతి. విద్యుత్తు గురించి నాకు తెలిసిందంతా హనుమకొండ గ్రంథాలయంలో, పక్కన నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్నదే. ఆ సంగతి అప్పట్లో అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి.

చేరిన రోజే ఇంజనీరు గారు ఒక పని అప్పజెప్పారు. మొగిలి అనే లైన్‌మన్‌కు రెండు నెలల కింద షాక్ కొట్టింది. అరచెయ్యి కాలి, దవాఖానలో ఉండి, నయమై వచ్చాడు. కానీ స్తంభం నాలుగడుగులెక్కి దిగిపోతున్నాడు. పనికి వస్తాడో రాడో వారంలో రాసివ్వాలి. రాడని రాస్తే సబ్‌స్టేషన్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చోబెడతారు.

లైన్‌మన్ల గ్యాంగులో వెంకటి అని కండ గల మనిషి ఉండేవాడు. మొగిలి దిగిపోయినప్పుడల్లా, "పేరుల్నే మొగ ఉన్నది, పెయ్యిల లేదు" అనేవాడు. పెయ్యంటే ఒళ్లు. అందరూ నవ్వేవాళ్లు. మొగిలీ నవ్వేవాడు.

నేను నా పద్ధతిలో ప్రయత్నించాను. ఒంట్లో ఎంత కరెంటు పోతే కండరం బిగుసుకుంటుందో, ఎంతకు గుండె ఆగుతుందో బొమ్మ గీసి వివరించాను. తెలిస్తే భయం పోతుందని నా నమ్మకం. మొగిలి శ్రద్ధగా విని, "గింత జరకే పానం పోతదా సార్?" అని అడిగాడు. మర్నాడు రెండడుగులే ఎక్కాడు.

గ్యాంగుకు పెద్ద సైలు. పదహారేళ్ల సర్వీసు. స్తంభం మీద ఉన్నంతసేపూ కిందివాళ్లతో ఏదో ఒక ముచ్చట పెడుతూనే ఉండేవాడు. అది ధీమా అనుకునేవాళ్లం.

ఆ వారంలోనే గాలివానకు పదకొండు వేల వోల్టుల లైన్ మీద, రెండు స్తంభాల పైన, తీగను మోసే పింగాణీ ఇన్సులేటర్లు పగిలాయి. అలాంటి లైన్ ముట్టాలంటే ముందు లైన్ క్లియర్ తీసుకోవాలి. సబ్‌స్టేషన్ ఆపరేటర్ కరెంటు ఆపి, స్విచ్చికి తాళం వేసి, ఒక నంబరు రాసిస్తాడు. ఆ కాగితం ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి స్వయంగా వాపసు ఇస్తేనే తాళం తీయాలి. ఇంజనీరు చెప్పినా తీయకూడదు. మా గ్యాంగులో అప్పటిదాకా సైలు పేరు మీదే తీసుకునేవాళ్లు.

ఆ రోజు సైలు, "సార్, మొగిలి పేరు మీద రాయించుండ్రి. నేనెక్కుత" అన్నాడు.

"బుగులుపడెటోని చేతుల పానం పెడ్తానవానె, అన్నా?" అన్నాడు వెంకటి. బుగులంటే మా దిక్కు గుండెలో పట్టుకున్న భయం.

"గందుకే పెడ్తాన. వాడు మర్సిపోడు."

మొగిలికి లైన్ క్లియర్ తీసుకునే అర్హత ఉంది కనుక నేను అడ్డు చెప్పలేదు. అతను రిజిస్టరులో సంతకం పెట్టి, నంబరును రెండుసార్లు పైకి చదువుకున్నాడు.

పొరపాటున కరెంటు వచ్చినా భూమిలోకి పోయేలా పని చోట రెండు పక్కలా తీగలకు ఎర్తు గొలుసులు వేయించాక సైలు ఎక్కాడు. మొగిలి కాగితాన్ని జేబులో పెట్టి, పైన చెయ్యి అదిమి నిలబడ్డాడు.

"మొగిలీ, ఉన్నవార?" పైనుంచి సైలు.

"ఈడ్నే ఉన్ననే, అన్నా."

"మరి సప్పుడు చెయ్యవేందిర? నువ్వు మాట్లాడకుంటే నా కాళ్లు వణుకుతయ్."

వెంకటి పకపకా నవ్వాడు. "సైలన్నకు కాళ్లు వణుకుడా!"

"పదారేండ్ల సంది వణుకుతానయ్‌ర. ఊకె ముచ్చట పెట్టేది ఎందుకనుకున్నవ్? మీరు కింద ఉన్నరో లేరో నాకు ఎరుకగావాలె గద."

పదహారేళ్లు ఆ మనిషితో పనిచేసినవాళ్లకే తెలియని మాట అది. దిగాక సైలు చేతులు చెమటతో తడిసి ఉన్నాయి. దాచుకోలేదు. మొగిలి భుజం మీది తువ్వాల లాక్కుని తుడుచుకున్నాడు.

రెండో స్తంభం దగ్గర మొగిలి తనే బెల్టు కట్టుకున్నాడు. "అన్నా, నేనెక్కుత. నువ్వు ముచ్చట పెట్టు."

ఆరడుగుల దగ్గర ఆగిపోయాడు. సైలు ఏదో అనేలోపే వెంకటి గొంతెత్తాడు. "మొగిలీ, ఇయ్యాల మీ ఇంట్ల కూరేందిర?"

పైనుంచి, "సింతసిగురు పప్పు" అని వినిపించింది.

"నాకు పెడ్తవా మరి?"

"పెయ్యిల మొగ ఉన్నోనికి పప్పెందుకే? యాటకూర తినుపో."

వెంకటే అందరికంటే గట్టిగా నవ్వాడు. మొగిలి ఇంకో అడుగు పైకి వేశాడు. ఇన్సులేటర్ మార్చి, కిందికి దిగి, లైన్ క్లియర్ తనే వాపసు ఇచ్చాడు. ఆ సాయంత్రం అతను పనికి అర్హుడని రాసిచ్చాను. ఎలా కుదిరిందో రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు.

ఆ తర్వాత పనిచేసిన ప్రతి సెక్షన్‌లోనూ, మనిషిని స్తంభం ఎక్కించే ముందు బుగులుందా అని అడిగాను. లేదన్నవాణ్ణి ఆ పూట కిందే ఉంచాను. భయం లేదనేవాడు కిందివాళ్ల మాట వినడు, తన చెయ్యి వణికితే వాళ్లకు చెప్పడు. గ్రంథాలయంలో నేను చదివిన ఏ పుస్తకమూ ఈ సంగతి చెప్పలేదు. సంతకం తప్ప ఇంకో అక్షరం రాయడం రాని సైలు దగ్గర నేర్చుకున్నాను.