నాయనమ్మ నేలఉసిరిలో సీసం

మా నాయనమ్మ కామెర్లకు మందిచ్చేది. ప్రత్తిపాడులో ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో కూర్చుని, వచ్చినవాళ్లకు నేలఉసిరి ముద్ద మజ్జిగలో కలిపి తాగించేది. కులం, మతం అడిగేది కాదు. పథ్యం మాత్రం గట్టిగా చెప్పేది.

అప్పుడు నేను గుంటూరులో రసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మందు మొక్కల్లో ఏ లోహం ఎంత ఉందో కొలవడం నా పని. ఇంటి మందుతోనే మొదలుపెడదామని చర్చి ఆవరణలోనూ, మిరప చేను గట్టునా, రోడ్డు పక్క కాలువ ఒడ్డునా మొక్కలు పీకాను. కాలువ ఒడ్డున అవి ఏపుగా పెరిగేవి. నాయనమ్మ ఎక్కువగా అక్కడే కోసేది.

నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, ఆమ్లంలో ఉడికించి యంత్రానికి పెట్టాను. చర్చి ఆవరణ, చేను గట్టు మొక్కల్లో తేడా ఏమీ లేదు. కాలువ ఒడ్డు మొక్కలో సీసం ఉండకూడనంత ఉంది. నేనే ఎక్కడో పొరపాటు చేశాననుకుని మళ్లీ మొక్కలు తెచ్చి చూశాను. అదే అంకె. ఆ కాలువ పక్కన ఒకప్పుడు పాత బ్యాటరీలు విప్పే షెడ్డు ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది.

రెండు వారాలు నోరు విప్పలేకపోయాను. చివరికి ఆమె మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే పక్కన కూర్చుని చెప్పాను.

"నాయనమ్మా, ఇంక కాలువ కాడ ఆకు కొయ్యమాక. అందులో సీసం ఉంది."

"అంటే?"

"విషమే. కొంచెం కొంచెంగా ఒంట్లో చేరుద్ది."

ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది. "అయితే జనానికి నా చేత్తో విషం పోశానా?"

"నీకు తెలియదు కదా."

"ఇప్పుడు తెలిసింది కదే!"

ఆ ఆదివారం పాస్టరు గారు దీవెన చెప్పబోతుంటే, "అయ్యగారూ, ఒక్క మాట" అంటూ లేచింది. జరిగింది అందరి ముందూ చెప్పింది. ఆ ఏడాది మందు తాగినవాళ్ల ఇళ్లకు నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఒక రైతు నవ్వాడు. "నీ మందుతోనే గదమ్మా మావోడు లేచి తిరుగుతున్నాడు!"

"తిరగనియ్యి నాయనా. అయినా రక్తం చూపించు" అంది.

అందరివీ రిపోర్టులు వచ్చి, ఎవరికీ ప్రమాదం లేదని తేలేదాకా ఆమె సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత పెరట్లో కొత్త మట్టి పోయించి నేలఉసిరి పెంచింది. ఆస్పత్రిలో పరీక్ష చేయించుకున్న చీటీ చూడకుండా ఎవరికీ మందు కలపలేదు. కోత కోతకూ కాస్త ఆకు కాగితంలో చుట్టి, పైన వంకర అక్షరాలతో 'పెరడు' అని రాసి, గుంటూరు బస్సెక్కి నా ల్యాబుకే తెచ్చేది. "ముందు నీ మిషన్లో చూడవే" అని, నేను చూసి చెప్పేదాకా స్టూలు మీద కూర్చునేది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా విద్యార్థులు తెచ్చే మొక్కల పొట్లాల మీద శాస్త్రీయ నామాలు పొందిగ్గా ఉంటాయి. ఏ గట్టున పెరిగిందో మాత్రం నేనే అడగాల్సి వస్తుంది.