ఏడో నంబరు అంగీ

మొన్న మోకాలి నొప్పికని కరీంనగర్ వెళ్లి, నా పేరెప్పుడు పిలుస్తారా అని ఆసుపత్రి వరండాలో కూర్చుంటే, గోడమీది టీవీలో పసుపు అంగీల వాళ్లెవరో ఫుట్‌బాల్ ఆడుతున్నారు. కింద బ్రూనై అని రాసి ఉంది. అదెక్కడి దేశమని పక్కాయన అడిగితే, మన పాత జిల్లా అంత కూడా ఉండదు, మలేషియా పక్కన ఉంటుందని చెప్పాను గాని, ఆ దేశపు అంగీ ఒకటి మా చిన్నాయన దుబాయ్ బతుకును ఒక పూటంతా దారానికి వేలాడదీసిందంటే ఆయన నమ్ముతాడా? గల్ఫ్ నీళ్లు తాగిన మన ఈడువాళ్లు మీరైతే నమ్ముతారు.

రెండు వేల నాలుగో ఐదో అయి ఉంటుంది. దుబాయ్ నైఫ్ బజారులో ఒక లాండ్రీలో నేను బట్టలు తెచ్చి, ఇచ్చి వచ్చేవాణ్ని. మా నాన్న తమ్ముడు, అంటే మా చిన్నాయన, అక్కడే ఇస్త్రీ చేసేవాడు. చేతిలో పని ఎంత నాణ్యమో, చెప్పిన మాట వినడంలో అంత మొండి. అందుకే ముదీర్‌కు, అంటే మా మేనేజరుకు, ఆయనంటే పడేది కాదు. ఇంకొక్క కంప్లయింట్ వచ్చిందా, వీసా క్యాన్సిల్, ఖలాస్ అని అప్పటికే చెప్పేశాడు. ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయిన కాలమది, తిరిగిపోతే చిన్నాయనకు చేసుకునేందుకు ఏ పనీ లేదు.

అప్పుడే బ్రూనై జట్టు అక్కడి క్లబ్బు ఒకదానితో ఆడటానికి వచ్చి మా దగ్గర్లోని హోటల్లో దిగింది. వాళ్ల పెట్టె ఒకటి దారిలోనే తప్పిపోయి మనిషికొక్క అంగీయే మిగిలిందట. సామాన్లు చూసుకునే ముసలాయన వాటిని తెచ్చి, ఉతికితే చాలు, ఇస్త్రీ వద్దు, అంటించిన నంబర్లు కరుగుతాయని ముదీర్‌కు చెప్పాడు. ముదీర్ చిన్నాయనకు చెప్పాడు.

చిన్నాయన విన్నాడు. వినీ, దేశం పేరు మీద ఆడేవాళ్లు ముడతల బట్టలతో నలుగురిలోకి పోవడమేమిటని మనసొప్పక, నంబర్ల జోలికి పోకుండా చేతులూ కాలర్లూ రుద్దాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఏడో నంబరు అంకె మధ్యలోనే ఒక ముడత కనిపించింది, ఇక ఆయన చెయ్యి ఊరుకుంటుందా? ఇస్త్రీ పెట్టె ఆనించాడో లేదో, అంకె పాలమీగడలా ముడుచుకుని పెట్టెకే అంటుకుపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ముదీర్ బ్యాంకు నుంచి వచ్చేలోగా ఏదో ఒకటి చెయ్యాలని, వెనక సందులో బుర్ఖాలు కుట్టే నెల్లూరు భాయ్ దగ్గరికి ఇద్దరం పరుగెత్తాం. ఆయన బుర్ఖా గుడ్డ ముక్కలోంచి నల్లటి ఏడు కత్తిరించి మిషన్ మీద కుట్టి పెట్టాడు గాని, అంగీ సాగే గుడ్డ, ఇది సాగదు, ఎవడైనా పట్టి లాగితే ఊడుతుంది, సూదీ దారం దగ్గర పెట్టుకోండని హెచ్చరించాడు.

సాయంత్రం మూట గ్రౌండుకు తీసుకెళ్తే, ముసలాయన విప్పగానే ఆ అంకె మీద వేలు పెట్టి రాసి చూశాడు. జరిగింది జరిగినట్టు నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన అంగీని ఆటగాడికి ఇచ్చి, మమ్మల్ని మాత్రం గీత పక్కనే ఉండమని సైగ చేశాడు. ఇంతలో మా కర్మకొద్దీ ముదీర్ కూడా మ్యాచ్ చూడటానికి వచ్చి గ్యాలరీలో కూర్చున్నాడు. జనమంతా బంతి చూస్తుంటే మేమిద్దరం ఒక మనిషి వీపు చూస్తూ నిలబడ్డాం. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

భయపడ్డంతా అయింది. బంతి తీసుకుని దూసుకుపోతున్న అతని అంగీని ఎవడో వెనకనుంచి గుంజాడు, ఏడు సగం ఊడి వేలాడింది. రిఫరీ ఈల వేసి, నంబరు సరిచేసుకు రమ్మని అతన్ని బయటికి పంపాడు. అతను వచ్చి, అలాగే కుట్టెయ్యమన్నట్టు వీపు చూపించాడు. చిన్నాయన సూది చేతిలో పట్టుకుని కదలడు.

"ఒంటి మీద బట్ట కుట్టద్దురా, అరిష్టం. ఇప్పమను."

అటు ముదీర్ గ్యాలరీ మెట్లు దిగి వస్తున్నాడు, ఈయనకు ఆచారం గుర్తొచ్చింది! నేను సైగ చేస్తే ఆ పిల్లవాడు అంగీ విప్పి, ఉత్త ఒంటితో రొప్పుతూ నిలబడ్డాడు. చిన్నాయన దాన్ని మోకాలి మీద పరచుకుని కుట్టాడు. తొందరలో సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. అతను తొడుక్కుని లోపలికి పరుగెత్తడమూ, ముదీర్ వచ్చి నంబరుకేమైందని అడగడమూ ఒక్కసారే జరిగాయి. ముసలాయన చిన్నాయన ముఖం వైపు చూశాడు.

"పాత నంబరు పోయింది, ఇది నేనే కుట్టించాను," అన్నాడు తన వచ్చీరాని ఇంగ్లీషులో. "నీ మనిషి కాలర్లు బాగా చేశాడు."

ముదీర్ సంతోషంగా చిన్నాయన భుజం తట్టి వెళ్లిపోయాడు. చిన్నాయన అక్కడే గడ్డిలో కూలబడి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇప్పుడు బట్ట మీద చిన్న మరక మిగిలినా గిరాకీలు ఫోన్లో ఫొటో తీసి అక్కడికక్కడే కంప్లయింట్ పంపేస్తున్నారట, నైఫ్‌లోనే ఉన్న మా మేనల్లుడు చెబుతుంటాడు. పని చేసినవాడు ఎవరో వాళ్లకు తెలియదు, తెలుసుకునే అవసరమూ లేదు. ఆ రోజుల్లో ఫిర్యాదు చెయ్యాలన్నా మనిషి ఎదుట నిలబడి, వాడి ముఖం చూసి చెయ్యాల్సి వచ్చేది. ముసలాయన అలా చూసినందుకే మా చిన్నాయన ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు దుబాయ్‌లో అన్నం తిన్నాడు.