రంగుల కింద లేత్ మిషన్

మందమర్రిలో మా ఇంటిని ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక పాత లేత్ మిషన్, దాని ముందు ఒక మేస్త్రి. ఇనుప కడ్డీని చక్‌లో బిగించి తిప్పుతూ, పదునైన టూలుతో చెక్కి షాఫ్టులు, బుష్‌లు చేసేవాడు. పత్రికలో పనిచేసినన్నాళ్లూ నేను ఆ షెడ్డు ముందు నుంచే పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాణ్ని. లోపల ఒక మనిషి ఉన్నాడని తెలుసు, అంతే.

ఉద్యోగం అయిపోయింది. కొన్నాళ్లకు మా ఆవిడ పోయింది. అప్పుడు మధ్యాహ్నాలు నా మీద పడ్డాయి. అన్నం తిని పడుకుంటే నిద్ర రాదు, లేచి కూర్చుంటే మాట్లాడే మనిషి లేడు. ఒకరోజు ఊరికే షెడ్డులోకి వెళ్లాను. మేస్త్రి పని ఆపకుండానే గడ్డంతో స్టూలు చూపించాడు. కూర్చున్నాను. ఆ తర్వాత రోజూ కూర్చున్నాను. మేం పెద్దగా మాట్లాడుకున్నదేమీ లేదు. అతను పని చేసేవాడు, నేను చూసేవాణ్ని. నాలుగింటికి ఎదురు హోటల్ నుంచి చాయ్ వచ్చేది. గ్లాసు అందిస్తూ, "ఇయ్యాల పేపర్ల ఏమున్నది సార్?" అని అడిగేవాడు. చెప్తే వినేవాడు కాదు. నాకూ పట్టింపు లేదు.

పోయిన ఏడాది ఎండాకాలం అతను పని మానేశాడు. కారణం కూడా నాకు చూపించాడు. పంపు షాఫ్టు ఒకటి చేతికిచ్చి, దాని మీద బొటనవేలు జరపమన్నాడు. నున్నగా ఉండాల్సిన చోట సన్నటి అలలు తగిలాయి.

"కాంట్రాక్టర్ మల్ల వాపస్ పంపిండు సార్. నా చేతులు ఒణుకుతున్నయ్."

"ఏవీ, చాపు. నాకైతే కనవడ్తలేదు."

"మీకు కనవడది. ఇనుముకు తెలుస్తది."

ఆసిఫాబాద్‌లో ఉన్న కూతురు, అల్లుడి దగ్గరికి వెళ్లిపోయాడు. షెడ్డు మాది, మిషన్ అతనిది. తర్వాత చూసుకుందామన్నాడు. త్రీ ఫేజ్ కనెక్షన్ తీసేయించాం. వానాకాలంలో రేకు కారి మోటారులోకి నీళ్లు దిగి అదీ పోయింది. తుక్కు కొనేవాడొకడు వచ్చి మిషన్ చుట్టూ తిరిగి, గొడ్డును బేరమాడేవాడిలా దాన్ని తట్టి చూశాడు. నాకు ఆ తట్టడం నచ్చలేదు. మేస్త్రికి ఫోన్ చేశాను.

"తుక్కోడు అడుగుతుండు మేస్త్రి. ఏం జెయ్యమంటవ్?"

"ఇచ్చెయ్యుండ్రి సార్. అది ముసల్దాయె, నేను ముసలోన్నైతి."

"నడిపిస్తె?"

నవ్వాడు. "ఎవలు? మీరా? మీ ఇంట్ల నల్ల కారితె నన్ను పిలుస్తుంటిరి గద!"

"నడిస్తె వస్తవా?"

ఆ నవ్వుతోనే అన్నాడు. "చేతులు లేకున్నా వస్త. వచ్చి కూసుంట. గిప్పటిదాంక మీరు కూసున్నరు, ఇగ నేను కూసుంట."

హాస్యానికే అన్నాడు. నేను దాన్ని మాట కిందే పట్టుకున్నాను. నాకు లేత్‌తో పనేమీ లేదు. నాకు మేస్త్రి కావాలి. అది నడిస్తే అతను వస్తాడు. నడవకపోతే ఆ షెడ్డు ఖాళీ, మధ్యాహ్నాలు ఖాళీ. ఇంత స్పష్టంగా ఒక కోరిక నాకు చాలా కాలంగా లేదు.

ముందు శుభ్రం చేయాలనుకున్నాను. రంగు ఊడదీసే మందు రాసి, పుట్టీ బ్లేడుతో గీకడం మొదలుపెట్టాను. పైన ఆకుపచ్చ. దాని కింద ఇంకో ఆకుపచ్చ. ఆ కింద బూడిద రంగు, నీలం, మళ్లీ ఆకుపచ్చ. మధ్యమధ్య పసుపు, కుంకుమ మరకలు పొరల్లో ఇరుక్కుని ఉన్నాయి. దసరా ముందు మిషన్‌కు రంగు వేసి ఆయుధ పూజ చేయడం షెడ్డులో మొదటి నుంచీ ఉన్న ఆనవాయితీ. మొదలుపెట్టింది మిషన్ పాత యజమాని. ఆయన వ్యాపారం వదులుకుంటూ మిషన్‌ను మేస్త్రికి అప్పగించి వెళ్లాడు. మేస్త్రి వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. కొబ్బరికాయ కొట్టడానికి పక్క దుకాణం మనిషిని పిలిచేవాడు గానీ, రంగు మాత్రం తానే వేసేవాడు. ఒకసారి అడిగితే, "సేటు ఏసిండు, నేను ఏస్తున్న. పండుగకు అందరం కొత్త బట్టలు కట్టుకుంటం, దానికి మాత్రం వద్దా?" అన్నాడు.

ఒక్కో పొర ఊడుతుంటే నాకు గీకాలనిపించేది కాదు. ఆ దసరాల్లో చాలావాటికి మా ఆవిడ గిన్నెలో పులిహోర పెట్టి షెడ్డులోకి పంపింది. ఏ రంగు ఏ ఏటిదో చెప్పడానికి ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. నీలం వేసిన ఏడు ఆమెకు నచ్చలేదని మాత్రం గుర్తుంది. ఆసుపత్రి మంచంలా ఉందని అంది.

తిరిగే ఇరుసును మోసే తలభాగానికి రెండు చివరలా బేరింగులు ఉంటాయి. ఒక్కోదాని మీద నూనె పోయడానికి చిన్న గిన్నెలాంటి గుంట. మేస్త్రి పొద్దున రాగానే చేసే మొదటి పని ఆ రెండు గుంటల్లో నూనె పోయడం. పొంగి కారినది గుడ్డతో తుడిచేవాడు. వెనక గుంట గోడ వైపు ఉంటుంది. అక్కడ గీకుతుంటే అడుగున రంధ్రం కనపడలేదు. సైకిల్ పుల్లతో పొడిచాను. దిగలేదు. ఏళ్ల తరబడి కుంచె నుంచి జారిన రంగు రంధ్రంలోకి దిగి రాయిలా గట్టిపడింది. మందు పోసి, నానబెట్టి, తొలిచి, చివరికి ఒక పచ్చటి బిరడాను పైకి లాగాను. చిటికెన వేలి గోరంత ఉంది.

విప్పడానికి బ్యాటరీల షాపులో పనిచేసే ఎలక్ట్రీషియన్ సాయం వచ్చాడు. ఆ బేరింగు లోపలి గన్‌మెటల్ బుష్ తీసి, కాగితంలో చుట్టుకుని, కరీంనగర్ బస్సెక్కాను. అక్కడ బుష్‌లు చేసే ఒక వర్క్‌షాపు ఆయన దాన్ని వేలికి తొడుక్కుని వెలుగులో తిప్పాడు.

"ఎవలిది పెద్దమనిషీ గీ మిషన్?"

"ఒక మేస్త్రిది."

"నూనె పోసుడు తెల్వదా ఆయనకు? గిది ఎండుగ తిరిగింది. సూడు, ఎట్ల అరిగిందో."

"రోజూ పోసిండు. నేను చూసిన."

"పోస్తె యాడికి పోయింది మరి? నీ కాళ్ల మీదికా?"

"రంధ్రం రంగుతోని మూసుకపోయింది."

ఆయన నవ్వలేదు. "ఇరుసు గిట్ల ఊగుతుంటె షాఫ్టు మీద అలలు రాక ఏమొస్తయ్? ఎవలు నడిపినా గంతే."

కొత్త బుష్ చేయించుకుని తిరుగు బస్సులో కూర్చున్నాను. కిటికీ బయట వరి కోతలు అవుతున్నాయి. మేస్త్రి చేతులు వణకలేదు. ఆ మాట అతనికి చెప్పాలంటే, రోజూ పొద్దున భక్తిగా పోసిన నూనె ఒక్క చుక్క కూడా లోపలికి దిగలేదని చెప్పాలి. పండుగ పూట ప్రేమగా వేసిన రంగే దాన్ని ఆపిందని చెప్పాలి. ఫోన్ జేబులోంచి తీశాను. మళ్లీ పెట్టేశాను. ముందు మిషన్ నడవనీ అనుకున్నాను.

ఇంటి కరెంటుతో నడిచే చిన్న సింగిల్ ఫేజ్ మోటారు తెచ్చాం. ఎలక్ట్రీషియన్ కింద ఇనుప పీఠం వెల్డింగ్ చేయించి, దాని మీద మోటారు బిగించి, కొత్త బెల్టు వేశాడు. స్విచ్ వేసే రోజు మేస్త్రికి వీడియో కాల్ చేశాం. ఫోన్ నా చేతిలో. మిషన్ కదిలింది. ఫోన్లోంచి ఒకటే అరుపు.

"బంద్ జెయ్! బంద్ జెయ్ రా నాయనా! ఉల్ట తిరుగుతుంది!"

ఎలక్ట్రీషియన్ ఆపేశాడు. "తిరిగింది గదనే, ఎటు తిరిగితె ఏంది?"

"ఎటు తిరిగితేంది అంటవా? చక్‌కు లోపట మరలుంటయ్. ఉల్ట తిరిగితె ఊడొచ్చి నీ కాళ్ల మీద పడ్తది. గప్పుడు ఎటు నడుస్తవో సూస్త!"

"జర మెల్లగ జెప్పు తాతా, చెవులు పోతున్నయ్."

మోటారులో వైర్లు మార్చి మళ్లీ వేశాడు. ఈసారి సరిగ్గా తిరిగింది. మేస్త్రి తెర మీదికి బాగా వంగాడేమో, ఒక కన్ను, సగం మీసం మాత్రం కనపడ్డాయి.

"నడిపించిండ్రు సార్. నమ్మలే నేను. గని ఏం లాభం, నా చేతులు..."

అప్పుడు చెప్పేశాను. రంగు, రంధ్రం, అరిగిన బుష్, కరీంనగర్ ఆయన అన్న మాట, అన్నీ. వార్త చదివినట్టు చెప్పాను. అట్లా చెప్పడం తప్ప నాకు వేరే రాదు.

తెర మీద మేస్త్రి ముఖం పోయింది. ఇంటి పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను కనపడ్డాయి. ఫోన్ పక్కన పెట్టేసినట్టున్నాడు. ఎలక్ట్రీషియన్ నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూస్తూ ఉన్నాను. మళ్లీ గొంతు వినపడింది.

"రేపు వస్త."

మర్నాడు ఆసిఫాబాద్ నుంచి వచ్చాడు. నన్ను పలకరించకుండానే నూనె డబ్బా తీసుకుని గోడ వైపు గుంటలో పోశాడు. నూనె నిలవలేదు. మెల్లగా లోపలికి దిగిపోయింది. మళ్లీ పోశాడు. మళ్లీ దిగింది. ఆ తర్వాత ఒక కడ్డీ బిగించి టూలు ఆనించాడు. సన్నటి ఇనుప పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుంటూ రాలింది. ఆపి, దాని మీద బొటనవేలు జరిపాడు. నా చేయి పట్టుకుని నా వేలు కూడా జరిపించాడు. అద్దంలా ఉంది.

"మంచిగనే ఉన్నయ్ గద సార్ నా చేతులు?"

"మంచిగనే ఉన్నయ్."

"ఎంత పనిచేసిన సార్. రంగేసి రంగేసి దాని గొంతు నేనే మూసిన." అని నవ్వబోయాడు. నవ్వు పూర్తి కాలేదు. గుడ్డతో మిషన్ తుడుస్తూ చాలాసేపు అటు తిరిగే ఉన్నాడు.

నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. స్టూలు ఉంది, చాయ్ ఉంది, నేనున్నాను. కావాలనుకున్నది దొరికిందనుకున్నాను. చివరి రోజు చాయ్ తాగుతూ, గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

"సార్, అల్లునిది వెల్డింగ్ దుకాణం. పక్కన జాగ ఉన్నది. మీరు ఏమనుకోకుంటె మిషన్ కొండవోత."

"ఇక్కడ ఏమైంది?"

"ఇక్కడ ఏమున్నది సార్, ఉన్న గిరాకి తెగిపోయె. అక్కడ బిడ్డ ఉన్నది, వండి పెడ్తది. చేతులు పోయినయనుకుని ఇన్ని దినాలు వాళ్ల ఇంట్ల ఊకె తింటున్న. అల్లుడు ఏమనడు. అనకపోతేనే కష్టముంటది."

మిషన్ అతనిది. చేతులు అతనివి. వాటిని అతనికి తిరిగిచ్చింది నేనే. "కొండవో" అన్నాను.

ట్రాలీ వచ్చింది. చెయిన్ కప్పీ వేసి ఎత్తించారు. మేస్త్రి ట్రాలీ మీదే, మిషన్ పక్కన నిలబడ్డాడు. ముందు సీట్లో కూర్చోమంటే వినలేదు. "మీరు రాండ్రి సార్, బస్సెక్కితె ఎంతసేపు?" అని రోడ్డు మలుపు దాకా అరుస్తూనే ఉన్నాడు.

అప్పటి నుంచి ఫోన్ చేస్తున్నాడు. పని బాగా వస్తోందట. ట్రాక్టర్ల వాళ్లు వస్తున్నారట. అక్కడ కూడా ఒక స్టూలు వేసి ఉంచాడట. ఎప్పుడొస్తారని అడుగుతాడు. వస్తాననే అంటాను. ఒకసారి బస్టాండు దాకా వెళ్లాను కూడా. ఆసిఫాబాద్ బస్సు ఉంది, ఖాళీ సీట్లు ఉన్నాయి. ఎక్కలేదు. ఇంటి పక్క షెడ్డులో పని చేసుకునే మనిషి దగ్గర ఊరికే కూర్చోవడం వేరు. అల్లుడి ఇంట్లో ఉన్న మనిషి దగ్గరికి చుట్టంలా వెళ్లడం వేరు. అక్కడికి వెళ్తే అతను పని ఆపుతాడు. నన్ను కూర్చోబెట్టి, బిడ్డతో నీళ్లు తెప్పించి, మాట్లాడతాడు. మాకు మాట్లాడుకోవడం అలవాటు లేదు.