పెర్సిమన్ కట్టె పట్టుకొని పోశన్నను వెతికిన రోజు

మా ఇంట్లో పదకొండు పాత గోల్ఫ్ కట్టెలున్నాయి. నాకు గోల్ఫ్ ఆడటం రాదు. చొప్పదండిలో రంగుల దుకాణం నడుపుకునేవాడికి ఈ పిచ్చి ఏమిటని మా బంధువుల్లో నవ్వని వాళ్ళు లేరు. తల భాగం కర్రతో చేసిన కట్టెలనే ఏరుతాను, అందులోనూ పెర్సిమన్ కర్రవే. అమెరికాలో పెరిగే ఈ చెట్టు మన తునికి చెట్టుకు దూరపు చుట్టం. పిడికిలంత తల, దాని అడుగున ఇత్తడి రేకు, రేకు కింద బరువు కోసం పోసిన సీసం, మెడకు మైనం పూసిన నల్లదారం చుట్టు. ఎనభైల్లో ఇనుప తలల కట్టెలొచ్చాక వీటిని పట్టించుకునే వాళ్ళు లేకపోయారు. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్లో తుప్పు పట్టిన తాళాల మధ్య ఒకటి దొరికింది, కరీంనగర్లో పాత సామాన్ల కొట్టులో గొడుగుల కట్టలో ఇంకొకటి. ఒక్కొక్కటి ఇంటికి తెచ్చి, పాత వార్నిష్ గీకి, అవిసె నూనె పట్టించి, కర్రలోని గీతలు మళ్ళీ తేలేదాకా రుద్దుతాను. ఆ పని చేస్తున్నంతసేపూ ఒకే మనిషి గుర్తొస్తాడు. ఆయన కోసమే 1993 ఫిబ్రవరిలో నిర్మల్ వెళ్ళాను. ఆ దారిన పోవాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని, నా మనసులో బరువు కొంత దిగుతుందని ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన పేరు పోశం. డెబ్బై ఒకటి నుంచి డెబ్బై మూడు దాకా గోదావరి అవతల ఒక ఫ్యాక్టరీలో నేను స్టోరు గుమాస్తాను, ఆయన వడ్రంగి. కాలనీ వెనక ఆఫీసర్లు ఆరు గుంతల గోల్ఫ్ మైదానం ఒకటి చేయించుకున్నారు. కార్మికులందరూ దాన్ని గుంతలాట అనేవాళ్ళు. కట్టెలు చెడిపోతే బాగుచేసేది పోశన్నే. మొదటిసారి పెర్సిమన్ తలను చేతికిచ్చినప్పుడు గోటితో గీకి, వాసన చూసి, "గిది తునికి జాతే సదయ్యా, అడివి మారింది గంతే" అన్నాడు. ఆయన పని చూడటానికి అన్నం కూడా మానేసి షెడ్డుకు పోయేవాణ్ని. ఒక వానాకాలం మేనేజరుగారి కట్టెకు కొత్త వార్నిష్ వేసి, "ఆదివారం దాంక ఎవ్వలు ముట్టొద్దు" అని పోశన్న చెప్పి ఇంటికి పోయాడు. మేనేజరుకు మర్నాడే ఆట. మెప్పు పొందుదామని నేను ఆ కట్టెను బాయిలర్ గోడకు ఆనించి పెట్టాను. చిన్నప్పుడు నిర్మల్‌లో పొనికి కర్ర బొమ్మలను సన్నని సెగ మీద ఆరబెట్టడం చూసినవాణ్ని కదా, కర్రంటే అన్నీ ఒకటే అనుకున్నాను. పొనికి బెండులా తేలిక, సెగను తట్టుకుంటుంది. పెర్సిమన్ తట్టుకోలేదు. మర్నాడు మొదటి దెబ్బకే మెడ దగ్గర నిలువునా చీలింది. "ఎవరు చేశారీ పని?" అని మేనేజరు అరిస్తే, "పోశం చేసిండు సార్" అన్నాను. వార్నిష్ పని ఆయనదే కాబట్టి అందులో అబద్ధం లేదు, కానీ అంతకు మించిన అబద్ధం నేను ఇంతవరకూ ఆడలేదు. ఆ వారమే ఆయన్ను పనిలోంచి తీసేశారు. ఎటు పోయాడో అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత కరీంనగర్ ఎగ్జిబిషన్లో నిర్మల్ బొమ్మల దుకాణం ముందు నిలబడ్డాను. వేటగాడి బొమ్మ ఒకటి ఉంది, చేతిలో బాణాకర్ర. ఆ కర్ర పిడికి నల్లదారం చుట్టి ఉంది. తిప్పి తిప్పి చూసినా ముడి కనబడలేదు. దారం కొసను చుట్ల కిందినుంచి లాగి దాచేయడం మా షెడ్డులో పోశన్న ఒక్కడే చేసేవాడు. దుకాణదారుణ్ణి అడిగితే, "పోశం తాతనా? నిర్మల్లనే ఉంటడు, ముసలోడైండు" అన్నాడు. బతికే ఉన్నాడన్న సంతోషం, ఇక తప్పించుకోలేనన్న భయం రెండూ ఒక్కసారే వచ్చాయి. ఆ రాత్రే పెట్టె తెరిచి, మెడ చీలిన పాత పెర్సిమన్ కట్టె ఒకటి తీసి దుప్పట్లో చుట్టాను. బాగుచేయించుకోవడానికి వచ్చానని చెప్పొచ్చు. ఊరికే పోయి నిలబడే ధైర్యం లేదు.

చొప్పదండిలో తెల్లవారుజామున అయిదింటికి మొదటి బస్సు. ఆరు కాకముందే కరీంనగర్ బస్టాండులో ఉన్నాను. నేరుగా నిర్మల్ పోయే బస్సు కోసం కాచుకోవడం దండగ. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ పోయే బస్సు ఎక్కి, అక్కడ మారితే మేలు. అప్పట్లో మొత్తం టికెట్లు ముప్పై రూపాయల లోపే అయ్యాయి. కిటికీ పక్కన సీటు దొరికితే కుడివైపు కూర్చోండి, పొద్దున ఎడమవైపు కూర్చున్నా ఎండ పడదు గానీ పసుపు చేలు కుడివైపే ఎక్కువ. దుప్పటి మూటను కాళ్ళ మధ్య నిలబెట్టుకుంటే కండక్టర్ దానికేసి, నాకేసి చూశాడు.

"గదేంది సారూ, బర్మారా?" అన్నాడు గొంతు తగ్గించి.

"తుపాకీ కాదు బాబూ, ఆట కట్టె" అన్నాను. నవ్వకుండా టికెట్ చింపి ఇచ్చాడు. నక్సలైట్ల కోసం గాలింపులు జరిగే ఆ రోజుల్లో ఆ దారిలో అలాంటి ఆకారాన్ని దుప్పట్లో చుట్టుకొని బయలుదేరిన తెలివితక్కువవాణ్ని నేనే. జగిత్యాల దాటాక పోలీసులు బస్సు ఆపారు. ఒక జవాను మూట విప్పించి, కట్టెను రెండు చేతులా పట్టుకొని గాల్లో ఓసారి ఊపి, "దీంతోని ఏం గొడుతరు?" అని అడిగాడు. చిన్న తెల్ల బంతిని అన్నాను. "గంత పెద్ద కట్టె గంత చిన్న బంతికా!" అని బస్సంతా వినేలా నవ్వి తిరిగి ఇచ్చేశాడు. గంట ఆలస్యమైంది. మెట్‌పల్లిలో టీ తీసుకొని సగంలోనే పారబోశాను. బస్సు కదిలిన ప్రతిసారీ వెనక్కి పోయే బస్సు ఎక్కుదామా అనిపించేది.

ఆర్మూర్లో బస్టాండు ఎదురుగా రేకుల హోటల్. పదకొండున్నర అయింది. జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టిన పెద్దమ్మ నేను ముక్క తుంచి కూర్చోవడం చూసి, "కూర ఉప్పగున్నదా బిడ్డా?" అంది. బాగుందన్నాను. "మరి తినవైతివి. ఎవలన్న పోయిన్రా?" అంది. ఎవరూ పోలేదు, ఒకాయన్ను కలవడానికి పోతున్నానని చెప్పాను. "కలిసేతందుకు గింత పరేషానా!" అని ఇంకో రొట్టె వేసింది. తిన్నాను. అక్కణ్ణుంచి నిర్మల్ గంటన్నర. సోన్ దగ్గర వంతెన మీద గోదావరి కనిపించింది. ఫిబ్రవరిలో నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ. ఆదివారాలు నేను, పోశన్న ఇదే నదిలో ఎగువనెక్కడో ఈదేవాళ్ళం. ఆ రోజులు మళ్ళీ ఒక్క పూటకైనా దొరికితే ఏమిచ్చినా తక్కువే అనిపించింది, ఏడుపొచ్చింది. పక్కనున్నాయన చూడకుండా కిటికీ వైపు తిరిగాను.

నిర్మల్లో దిగేసరికి ఒంటిగంటన్నర. బొమ్మల పనివాళ్ళ వాడకు రిక్షా మూడు రూపాయలు, నడిచినా పావుగంటే. పోశన్న ఇల్లు అడిగితే ఎవరైనా చూపిస్తారు. వాకిట్లో గోనెసంచి మీద కూర్చొని పొనికి చిలకకు ముక్కు చెక్కుతున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి గుర్తుపట్టలేదు, మూట మీద కళ్ళు నిలిచాయి. దుప్పటి నేను విప్పకముందే చెయ్యి చాచాడు. కట్టె మెడ మీద బొటనవేలు నడిపి, ఇత్తడి రేకు మీద గోటితో తట్టి, అప్పుడు నా మొహంలోకి చూశాడు.

"సదయ్యవా?"

"నేనే పోశన్నా."

"బక్కగైనవ్. కూసో." లోపలికి తిరిగి, "లచ్చవ్వా, స్టోరు సదయ్యొచ్చిండు, చాయ వెట్టు" అన్నాడు. ఆయన భార్య, మా వదినె, తలుపు దగ్గరికొచ్చి నన్ను చూసి లోపలికి పోయింది.

మెడ చీలింది, నువ్వు తప్ప ఎవరూ బాగుచేయలేరని తెచ్చాను అన్నాను. పోశన్న కట్టెను నా ఒళ్ళో పెట్టేశాడు. "గట్టి కర్ర ముట్ట. ఫ్యాక్టరీ ఇడిసినంక ముట్టలే. పొనికి అయితె కత్తికి తెలువకుంటనే తెగుతది, తప్పు వోయినా చింతగింజల లుగ్ది ముద్దతోని కప్పుతం. గట్టి కర్ర కప్పనియ్యది." కాసేపు చిలకను చెక్కాడు. "మా తమ్ముడు ఆదిలాబాద్ల టేకు మంచాల దుకాణం వెట్టి రమ్మన్నడు. పోలే. గా మేనేజరు కట్టె ఎట్ల పలిగిందో నాకిప్పటికీ సమజ్ గాలే సదయ్యా. నూనె మంచిగనే పట్టిచ్చిన. దారం బిగుతు సరిగనే ఉండె. ఎన్ని తీర్ల సోంచాయించినా తప్పు దొరకది. దొరకని తప్పు చేతుల ఉన్నట్టే గదా. నా చెయ్యి మీద నాకే నమ్మకం వోయింది."

నేను ఆయన కోపాన్ని ఊహించుకొని వచ్చాను. తిడతాడని, కొడతాడని, లేదా అన్నీ తెలిసి క్షమిస్తాడని. ఇలా ఇరవై ఏళ్ళు తన చేతులనే అనుమానిస్తూ కూర్చొని ఉంటాడని నా బుర్రకు తట్టలేదు. బస్టాండులో అడిగి పెట్టుకున్న తిరుగు బస్సు నాలుగింటికి. తెలియకుండానే గడియారం చూశాను, మూడు దాటింది. చెప్పేశాను. బాయిలర్ గోడ, మేనేజరు ముందు అన్న మాట, అన్నీ. వదినె చాయ పట్టుకొని నిలబడి వింది.

పోశన్న కత్తి కింద పెట్టాడు. "ఎంతసేపు వెట్టినవ్?"

"రాత్రంతా."

"మెడ గోడదిక్కుండెనా, మొకమా?"

"మెడ."

"గందుకే" అన్నాడు. "గందుకే మెడకాడ పలిగింది." రెండుసార్లూ ఒకే గొంతుతో అన్నాడు. సగం చెక్కిన చిలకను పక్కకు జరిపాడు. వదినె చాయ గ్లాసు నా ముందు గట్టిగా పెట్టి, "గీ మాట ఆనాడే అంటె ఈయన ఏడాది దాంక అన్నం తినకుంట గోడ దిక్కు చూస్కుంట కూసుండకపోవు" అంది. తప్పయింది అన్నాను. ఆ మాట అంత చిన్నగా ఉంటుందని నోట్లోంచి వచ్చాకే తెలిసింది.

"పో సదయ్యా, బస్సుకు టైమైతుంది. మల్లమల్ల గడియారం చూస్తున్నవ్" అన్నాడు పోశన్న. లేచి, చెప్పులేసుకొని వీధిలోకి వెళ్ళిపోయాడు.

పొమ్మన్నాక ఉండటం సిగ్గులేనితనం, పోవడం అంతకంటే సిగ్గులేనితనం. వాకిట్లోనే కూర్చున్నాను. నాలుగయింది, నాలుగున్నర అయింది. వదినె లోపల బియ్యం చెరుగుతున్న చప్పుడు. అయిదింటికి పోశన్న వచ్చాడు. చంకలో మూరెడు తునికి దుంగ ముక్క, చేతిలో ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన ఉలి, సుత్తి. పక్కన కూర్చొని, నా ఒళ్ళోంచి కట్టెను లాక్కొని, చీలికలోకి సరిపడే సన్నని చీలను తునికి ముక్కలోంచి తీయడం మొదలుపెట్టాడు. చెయ్యి వణుకుతోంది. మొదటి చీల విరిగింది. రెండోదీ విరిగింది. మూడోది తీసేముందు నా వైపు చూడకుండా, "ఊకె కూసోకు. గట్టిగ వట్టుకో, కదలనియ్యకు" అన్నాడు. దుంగను రెండు చేతులా పట్టుకున్నాను. ఆయన ఉలిని ఆనించి, శ్వాస బిగబట్టి, సుత్తితో కొట్టాడు.

ఆ కట్టెను పోశన్న నాకు తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మాఫీ చేశానని కూడా ఎప్పుడూ అనలేదు. తర్వాత నాలుగైదు సార్లు వెళ్ళాను, వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక గట్టి కర్ర పని ముందేసుకొని ఉన్నాడు, నాతో పని మాటలే మాట్లాడాడు. ఇప్పుడు ఆయన లేడు. నా దగ్గరున్న పదకొండింటిలో గీతలు ఎంత అందంగా తేలినా, నాకు కావలసింది కట్టెలు కావని, ఆ షెడ్డులో పక్కన కూర్చొని పోశన్న పని చూసే హక్కు అని నాకు బాగా తెలుసు. దాన్ని నేనే పోగొట్టుకున్నాను. ఏ పాత సామాన్ల కొట్టులోనూ అది దొరకదు. అయినా గురువారం వస్తే జుమ్మెరాత్ బజారుకు పోబుద్ధవుతుంది.

నిర్మల్ వెళ్ళే వాళ్ళకు ఒక్క మాట. ఎవరినైనా కలవడానికి పోతుంటే తిరుగు బస్సును ముందే ఖాయం చేసుకోకండి. ఆర్మూర్ దాకా సాయంత్రం ఏడింటికి కూడా బస్సు ఉండేది, ఇప్పుడైతే ఇంకా ఎక్కువ ఉన్నాయి. నేను నాలుగింటి బస్సు ఎక్కి ఉంటే, మూడో చీల దగ్గర పోశన్న చెయ్యి వణకడం ఆగిపోవడం చూసేవాణ్ని కాదు.